లక్క ధర పెరిగిన రోజు

లక్క ధర పెరిగిన ఏడు లోహితగిరి రాజ్యంలో కోడిపుంజుల కాళ్ళకు కూడా వెండి గజ్జెలు కట్టేవారు. ధర పడిపోయిన ఏడు గజ్జెలతో పాటు కోడిపుంజులను కూడా అమ్ముకునేవారు.

ఆ రాజ్యంలో ఉన్నవి కొండలు, కొండల మీద మోదుగ, రేగు చెట్లు, ఆ చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు. పురుగులు కొమ్మ చుట్టూ కట్టిన ఎర్రని పెంకును గీకి, మూటలు కట్టి, తూర్పు సముద్రపు ఒడ్డున ఉన్న మకరవేలి రేవుకు పంపేవారు. అక్కడి పనివాళ్ళు ఆ లక్కను కరిగించి గాజులు చేసేవారు, బొమ్మలకు మెరుగు పెట్టేవారు, రాణుల పాదాలకు పూసే లత్తుక తీసేవారు. మిగిలింది ఓడలెక్కి పై దేశాలకు పోయేది. లోహితగిరి ప్రజలకు బియ్యం కావాలన్నా, బట్ట కావాలన్నా, ఉప్పురాయి కావాలన్నా ఆ లక్క అమ్మిన సొమ్ముతోనే కొనుక్కోవాలి. రాజ్యానికి వేరే రాబడి లేదు.

ఉదారసేన మహారాజు మనసు వెన్న, చెయ్యి జల్లెడ. ధర పెరిగితే చాలు, కోటగోడకు అద్దాలు తాపించేవాడు, పట్టపుటేనుగుకు ముత్యాల గొడుగు పట్టించేవాడు, తుమ్మినవాడికల్లా అగ్రహారం రాసిచ్చేవాడు. ఇప్పుడు కొంతకాలంగా ధర పడిపోతూ వచ్చింది. కోటగోడ అద్దాలు ఊడదీసి అమ్మేశారు. ఏనుగును పొరుగు రాజు అద్దెకు తీసుకుపోయాడు. రాజనర్తకి నాట్యశాల వాకిట్లో అట్లు పోసి అమ్ముతోంది. సింహాసనానికి ఉన్న బంగారు సింహాలలో ఒకటి బియ్యం బస్తాలుగా మారిపోగా, ఆ మూల ఇటుకలు పేర్చారు. రాజు కాస్త గట్టిగా మాట్లాడితే ఆ ఇటుకలు కదిలేవి. అందుకని ఆయన కోపాన్ని కూడా మెల్లగానే ప్రకటిస్తున్నాడు.

ఆ సమయంలో మకరవేలి నుంచి వసుగుప్తుడనే వర్తకుడు వచ్చాడు. కొండలను తన దగ్గర తాకట్టు పెడితే ఎన్ని పుట్ల ధాన్యమైనా అప్పుగా ఇస్తానన్నాడు. మహారాజు ఇటుకలు కదలకుండా లేచి నిలబడి, కొండలు అమ్ముకునేంత దిగజారలేదని, ధర ఎప్పటికైనా పెరగక మానదని చెప్పి పంపేశాడు. వసుగుప్తుడు కొంచెం కూడా నొచ్చుకోలేదు. తన గుమాస్తాను మాత్రం రాజధానిలోనే ఒక సత్రంలో ఉంచి, నవ్వుతూ వెళ్ళిపోయాడు.

యువరాజు అరుణకేతుడికి ఆ నవ్వు నచ్చలేదు. చెట్లు అవే, వానలు అవే, లక్క అదే. ధర మాత్రం ఎందుకు పడిపోతోందని సభలో అడిగాడు. జ్యోతిష్కుడు శనిదేవుణ్ణి తప్పుపట్టాడు. మంత్రి పురుగులను తప్పుపట్టాడు. ఇక వీళ్ళతో లాభం లేదని, మర్నాడే యువరాజు లక్క అమ్ముకునే కొండవాడిలా గోచీ బిగించి, తలపాగా చుట్టి మకరవేలికి బయలుదేరాడు. వెంట సేనాపతి రణభేరుండుడు మూట మోస్తూ నడిచాడు. ఎడ్లను ఎప్పుడో అమ్మేశారు. సేనాపతి కత్తి కూడా పోయిన నెలలో జొన్నలుగా మారింది. ఖాళీ ఒర గాలికి ఈల వేస్తోందని అందులో ఒక పెద్ద గరిటె దోపుకున్నాడు.

వాళ్ళు పెనుగండి కనుమ చేరేసరికి దారికి అడ్డంగా ఒక రాక్షసి నిలబడి ఉంది. ఆమె పేరు కుంభోదరి. తాటిబోదెల్లాంటి కాళ్ళు, గుమ్మడిపండ్లలాంటి కళ్ళు, రాతి రోళ్ళ వరసలాంటి పళ్ళు. అయితే పేరుకు తగ్గ పొట్ట మాత్రం లేదు. చర్మం దండెం మీద ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. రణభేరుండుడు మూట దించి, యువరాజుకు అడ్డంగా నిలబడి, భయంకరంగా హుంకరించి ఒరలోంచి గరిటె దూశాడు.

రాక్షసి కళ్ళు మెరిశాయి. "వంటవాళ్ళా?" అని ఆశగా అడిగింది.

కాదని తెలిశాక ఆమె కొండరాయి మీద కూలబడి గోడు వెళ్ళబోసుకుంది. లక్క బళ్ళు బారులు తీరి పోయే రోజుల్లో ఆమెకు ఏ లోటూ లేదట. ఒక బండివాణ్ణి తింటే ఎడ్లు మిగిలేవట. ఇప్పుడు బళ్ళు లేవు, బండివాళ్ళు లేరు. చింతచిగురు నమిలి పళ్ళు పులిసిపోయాయట. ఈ పూటకు మీ ఇద్దరితో సరిపెట్టుకుంటాను, ఏమీ అనుకోవద్దని చెప్పి ఆమె చెయ్యి చాపింది.

అరుణకేతుడు వెనక్కి తగ్గలేదు. "అమ్మా, మమ్మల్ని ఇవాళ తింటే రేపు మళ్ళీ నీకు చింతచిగురే గతి. మేం పోతున్నది ఈ ధర ఎందుకు పడిపోయిందో కనుక్కోవడానికే. ధర లేస్తే బళ్ళు వస్తాయి. అప్పుడు బండికో కుండెడు పులిహోర నీకు సుంకంగా ఇప్పిస్తాను. మనుషుల్ని మాత్రం ముట్టుకోకూడదు" అన్నాడు.

కుంభోదరి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పులిహోరలో వేరుశనగపప్పు ఉంటుందా అని అడిగింది. ఉంటుందని యువరాజు మాట ఇచ్చాడు. ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే, నడిచి వెళ్ళి ఆలస్యం చెయ్యొద్దంటూ ఇద్దరినీ మూటతో సహా అరచేతిలోకి తీసుకుని, లోయకు ఆవలి గట్టు మీదకు విసిరేసింది. వాళ్ళు గద్దల గుంపును చీల్చుకుంటూ, ఒక జలపాతాన్ని ముఖాలతో తాకి, మకరవేలి పొలిమేరలో ఒక గడ్డివాము మీద పడ్డారు. రణభేరుండుడు గడ్డిలోంచి తల బయటపెట్టి, యుద్ధాలలో కూడా తనకు ఇంత మర్యాద జరగలేదన్నాడు.

మకరవేలి వైభవం చూసి తీరాలి. రేవులో నిలిచిన ఓడల తెరచాపలు తెల్లటి మబ్బులు నేలకు దిగినట్టున్నాయి. వీధుల్లో పచ్చకర్పూరం, మిరియాలు, ఎండుచేపలు కలిసి ఒకే వాసనై ముక్కుపుటాలను పట్టి ఊపుతున్నాయి. గాజుల బజారులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లక్క గాజులు తోరణాలుగా వేలాడుతూ ఇంద్రధనుస్సును వీధి ఈ కొస నుంచి ఆ కొసకు కట్టినట్టున్నాయి. సంత నడిబొడ్డున ఏనుగును కూడా తూచగల పెద్ద త్రాసు, దాని పక్కన ఎత్తైన అరుగు, అరుగు మీద మెడలో డప్పు వేసుకున్న ఒక పడుచు.

ఆమె మందారిక. సంతలో పలికిన ప్రతి ధరా ఆమె నోటి మీదుగానే ఊరికి తెలియాలి. గొంతు శంఖం. ఆమె ధర చాటితే రేవులో ఓడల మీద నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు.

ఆ పూట ఆమె డప్పు మీద విసుగ్గా ఒక్క దెబ్బ కొట్టి, ఇరవై మణుగుల బారువు లక్క పది బంగారు మాడలని చాటింది. అంతలో పై దేశపు నావికుడొకడు వసుగుప్తుడి గోదాము గడప దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసి, తల ఊపుతూ తిరిగి వచ్చాడు. గోదాములో లక్క కొండలు దూలాలను తాకుతుంటే తొందరపడి కొనేదెవరన్నాడు. మందారిక మళ్ళీ డప్పు కొట్టి తొమ్మిది మాడలంది.

అరుణకేతుడు తాము తెచ్చిన మూటను త్రాసులో పెట్టాడు. వసుగుప్తుడి మనుషులు తూచి డబ్బు చేతిలో పెట్టారు. ఆ డబ్బు పట్టుకుని గాజుల బజారుకు వెళితే సరిగ్గా ఒక జత గాజులు వచ్చాయి. రణభేరుండుడు ఆ జతను అరచేతిలో పెట్టుకుని, కొండలూ లోయలూ దాటించిన మూటను తలుచుకుని, మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాడు.

అరుగు దిగి మంచినీళ్ళు తాగుతున్న మందారిక అది చూసింది. "లక్క చవకైంది గానీ గాజులు చవకవలేదయ్యా. గాజులు చేసేవాళ్ళూ వసుగుప్తుడి మనుషులే. మీ చెట్టు దగ్గర తగ్గిన ధర ఈ బజారు దాకా రానే రాదు" అంది.

మాటల్లో ఆమె గోడు కూడా బయటపడింది. పలికిన ధరలో పిసరంత ఆమెకు కూలి. లక్క ధర పడినప్పటినుంచి ఆమె ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలుగుతోంది. తామెవరో ఆమెకు చెప్పిన అరుణకేతుడికి మరో సంగతి తట్టింది. లోహితగిరి తప్ప లక్క పండే దేశం ఈ తీరంలో లేదు. తమ కొండలన్నీ కలిపి గీకినా అంత పెద్ద గోదాము నిండదు. మరి దూలాలు తాకే ఆ గుట్టలు ఎక్కడివి? లోపలికి వెళ్ళి చూడాలన్నాడు. గడపకు అడ్డంగా తాడు కట్టి ఉంటుందని, ఇంతవరకూ ఎవరినీ లోపల అడుగు పెట్టనివ్వలేదని, కొనేవాడైనా బయటినుంచి చూసి పోవాల్సిందేనని మందారిక చెప్పింది. కాసేపు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రణభేరుండుణ్ణి ఎగాదిగా చూసింది. తరవాత తన ఇంటి కిటికీ తెర ఊడదీసుకుని వచ్చింది.

వసుగుప్తుడు భోజనానికి వెళ్ళిన వేళ, గోదాము కాపలావాడి ముందుకు దంతద్వీపపు నావికరాజు వేంచేశాడు. భుజాల మీదుగా పూల తెర జీరాడుతోంది. మీసాలకు పసుపు, చేతికి కొత్త లక్కగాజుల జత. ముందు మందారిక డప్పు కొడుతోంది, వెనక అరుణకేతుడు తాటాకు విసనకర్రతో విసురుతున్నాడు. నావికరాజుకు తెలుగు రాదు. రణభేరుండుడికి వేరే భాష రాదు. అందుకని అతను గంభీరంగా, "పద్మవ్యూహ, శకటవ్యూహ, గరుడవ్యూహ, క్రౌంచ" అన్నాడు.

"ఒక్క పెళ్ళ చేత్తో తాకి నాణ్యం చూస్తే, గోదాము మొత్తం కొనేస్తారట. చూపించినవాడికి ఒక ఓడ బహుమానమట" అని మందారిక తర్జుమా చేసింది.

కాపలావాడు పాపం ఓడ అనగానే తాడు విప్పేశాడు. నావికరాజు రాజసంగా లోపలికి నడిచి, తొలి గుట్ట దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుందామని మోచేతితో దానికి ఆనుకున్నాడు. మోచెయ్యి లోపలికి పోయింది. భుజం పోయింది. తెరతో సహా మనిషంతా గుట్టలో మాయమయ్యాడు. గుట్ట మాత్రం చెక్కుచెదరలేదు.

కాసేపటికి లోపలినుంచి అతని గొంతు వినిపించింది. "యువరాజా, ఇక్కడ ఏమీ లేదు. ఒక తేలు ఉంది."

అరుణకేతుడు చెయ్యి చాచి పక్క గుట్టను తాకాడు. పొగను తాకినట్టుంది. ఆ గోదాములో ఉన్నదంతా కనికట్టు. తన రాజ్యం అమ్ముకున్న బంగారు సింహం, కత్తులు, ఎడ్లు అన్నీ ఈ ఉత్తగాలి గుట్టల వల్ల పోగొట్టుకున్నవేనని తెలిసేసరికి అతనికి నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. వెంటనే సంత అంతా వినేలా చాటమని మందారికకు చెప్పాడు. ఆమె పరుగున వెళ్ళి అరుగెక్కి, డప్పు పగిలేలా వాయించి, గోదాము ఖాళీ అని, దమ్మున్నవాళ్ళు వచ్చి గుట్టల్లో నడవచ్చని చాటింది.

వర్తకులంతా ఎగబడ్డారు. లక్క గుట్టల్లోకి ఒక వైపునుంచి దూరినవాళ్ళు, అవతలి వైపునుంచి దూరినవాళ్ళు లోపల నుదుళ్ళు ఢీకొట్టుకుని, ఒకరి తలపాగాలు ఒకరు పెట్టుకుని బయటికి వచ్చారు. అంతమంది అరుపులకు కనికట్టు సబ్బు బుడగల్లా పేలిపోయింది. ఊరంతా లక్క లేదనే మాట పాకింది. మందారిక డప్పు దెబ్బ దెబ్బకూ ధర లేచింది. ఇరవై అంది, యాభై అంది, నూరు అంది. తన గొంతులోంచి అంత ధర వస్తుంటే ఆమెకే గగుర్పాటు కలిగింది. గాజుల బజారులో ఆడవాళ్ళు చేతులు కొంగుల కింద దాచుకున్నారు.

రణభేరుండుడు యువరాజును భుజాల మీద ఎత్తుకుని గంతులేశాడు. అరుణకేతుడు కూడా కాసేపు సంబరపడ్డాడు. ఆపైన చుట్టూ చూశాడు. కొంటామని అరిచేవాళ్ళే గానీ అమ్ముతామనేవాళ్ళు ఒక్కరూ లేరు. తాము తెచ్చిన మూట కూడా పొద్దునే అమ్మేశారు.

అప్పుడు వసుగుప్తుడు తాంబూలం నములుతూ తాపీగా వచ్చాడు. అతని ముఖంలో కోపం జాడ లేదు. లోహితగిరి సభలో చూసిన ముఖం మరిచిపోలేదంటూ, మెడలోని పూలదండ తీసి అరుణకేతుడి మెడలో వేశాడు. రేవు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. లంగరేసి ఉన్న అతని ఓడల మీద గోనెపట్టాలు లేచాయి. కింద లక్క మూటలు, నిజమైన లక్క, లోహితగిరి కొండల లక్క అంతా వరసలు తీరి ఉంది. వర్తకులు ఓడల వైపు పరుగెత్తారు.

"ఎవరైనా వచ్చి నా గుట్టు రట్టు చేస్తారని ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నానో తెలుసా యువరాజా?" అన్నాడు వసుగుప్తుడు. "గోదాము ఖాళీ అని నేనే చెబితే, ధర పెంచడానికి అబద్ధమాడుతున్నాడంటారు. అదే శత్రువు చెబితే దేవుడు చెప్పినట్టే. చవకలో కొన్నదంతా ఇప్పుడు ఈ ధరకు పోతోంది. అంతా తమరి చలవ."

ఇంత చేసి యువరాజు ఈ మాయగాడి పెట్టె నింపాడన్నమాట. వసుగుప్తుడు అంతటితో వదిలిపెట్టలేదు. ధర లేచిందన్న కబురుతో పావురం ఈపాటికి ఉదారసేన మహారాజు ఒళ్ళో వాలే ఉంటుందన్నాడు. రాజు ఊరుకోడు, పండుగ మొదలుపెడతాడు. సొమ్ము చేతిలో లేదు గనక అప్పు కావాలి. సత్రంలో ఉన్న గుమాస్తా తాకట్టు పత్రంతో సిద్ధంగా ఉన్నాడు. ఏడాదిలో బాకీ తీర్చకపోతే కొండలు వసుగుప్తుడివి. ఆ ఏడాదిలో మరో పేరుతో మరో గోదాములో మళ్ళీ గుట్టలు లేస్తాయి, ధర పడిపోతుంది.

"కరువులో ఒప్పుకోని మనిషి కలిమిలో ఒప్పుకుంటాడు బాబూ. మీ నాయనగారి సంగతి నాకు తెలుసు" అని చెప్పి, డబ్బు తూచుకోవడానికి త్రాసు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అరుణకేతుడు కొండదారి వైపు పరుగుతీయబోయాడు. నడిచిపోతే పత్రం మీద ముద్ర పడిపోతుంది. మందారిక అతని చెయ్యి పట్టుకుని గోదాము వెనక్కి లాక్కుపోయింది. అక్కడ వసుగుప్తుడి గాలిపల్లకి ఉంది. దాన్ని మోసేవి కంటికి కనపడని భూతాలు. లక్క ధర లేచాక కూలి ఇస్తానని వసుగుప్తుడు వాటిని నమ్మించాడట. ఇందాక అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నాడట. ఆ సంగతి అవి నాలుగు మూలలనుంచీ ముక్కు చీదుకుంటూ చెప్పాయి. ఇవ్వడానికి తన దగ్గర కూడా ఏమీ లేదని యువరాజు నిజం ఒప్పుకున్నాడు. మందారిక మాత్రం మీ పేర్లేమిటని అడిగింది. పుట్టి ఇన్ని యుగాలైనా భూతాలను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. సిగ్గుపడుతూ గొణిగిన ఆ పేర్లను ఆమె డప్పు కొట్టి ఊరంతా మారుమోగేలా చాటింది. భూతాలు ఆనందం పట్టలేక ముగ్గురినీ ఎక్కించుకుని ఆకాశానికి ఎగిశాయి. పెనుగండి మీదుగా పోతుంటే కింద కుంభోదరి అప్పుడే పెద్ద కుండ తోముకోవడం కనిపించింది.

లోహితగిరిలో పండుగ మొదలైపోయింది. వీధులకు పందిళ్ళు లేస్తున్నాయి. రాజనర్తకి అట్లపెనం పారేసి గజ్జెలు వెతుక్కుంటోంది. ఉదారసేన మహారాజు మేడమీద సభలో, కుంపటితో సహా వచ్చిన కంసాలికి బంగారు ఉయ్యాల కొలతలు చెబుతున్నాడు. ముందు పీట మీద తాకట్టు పత్రం పరిచి ఉంది. సంతకం అయిపోయింది. ముద్ర మాత్రం పడలేదు.

ఎందుకంటే ముద్ర వెయ్యడానికి లక్క లేదు. ఉగ్రాణం చూసే పేరయ్య పాత జాబుల మీది ముద్రలు గీకి చూశాడు, కొట్టు మూలలు ఊడ్చి చూశాడు. లోకానికంతా లక్క పంచే రాజ్యంలో వేలి గోరంత లక్క దొరకలేదు. గుమాస్తా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

కిటికీ దగ్గర పల్లకి ఆగింది. యువరాజు లోపలికి దూకి జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాడు. రాజు ప్రేమగా విన్నాడు గానీ, ఆయన కళ్ళు కంసాలి గీసిన బొమ్మ మీదే ఉన్నాయి.

"ధర నూరు మాడలైందా కాలేదా, అది చెప్పు నాయనా" అన్నాడు.

"అయింది నాన్నగారూ. అయితే అమ్మడానికి మన దగ్గర ఏముంది? మళ్ళీ పంట దాకా మనకున్నవి ఆ చెట్లే. తమరు ఇప్పుడు రాసిస్తున్నవీ ఆ చెట్లే."

రాజు చేతిలోని ఉయ్యాల బొమ్మ కాస్త కిందికి దిగింది. పందిళ్ళవాళ్ళకు మాట ఇచ్చానే అని నసిగాడు. అంతలో వసుగుప్తుడు లోపలికి వచ్చి నమస్కరించాడు. పల్లకి పోయిందని తెలిసి, సంతలోని పెద్ద త్రాసునే మంత్రించి, ఒక తట్టలో తాను కూర్చుని, రెండో తట్టలో తన బరువుకు సరిపడా బంగారు మూట పెట్టుకుని ఎగిరి వచ్చాడు. తోటలో దాన్ని దింపి, తలపాగా సర్దుకుని, చేతిలో పిడికెడంత లక్కముద్దతో నిలబడ్డాడు.

ఆ ముద్దను ఊరికే ఇచ్చేస్తే కొండలన్నీ అతనివయ్యేవి. ఊరికే ఇవ్వడం మాత్రం అతని ఒంట్లో లేదు. ఈనాటి ధర ప్రకారం ముద్దకు మాడ అవుతుందన్నాడు. పేరయ్య కళ్ళద్దం పెట్టుకుని ముందుకు వచ్చాడు. రాజు ఎంత పారబోసినా ఈ రాజ్యం ఇంకా నిలిచి ఉందంటే అది పేరయ్య బేరాల వల్లే. లక్కలో పుల్లలున్నాయన్నాడు, రంగు వెలిసిందన్నాడు, అర మాడ కంటే దండగన్నాడు. వసుగుప్తుడికి పౌరుషం వచ్చింది. ఇద్దరూ పత్రం సంగతి మరిచిపోయి గొంతు పెంచారు. గుమాస్తా యజమాని చొక్కా పట్టుకుని లాగుతున్నా అతనికి తెలియలేదు. చివరికి పేరయ్య ముద్దను యువరాజు చేతికిచ్చి, నాణ్యం మీరే చూసి చెప్పండి బాబుగారూ అన్నాడు.

అరుణకేతుడు ముద్దను గుప్పిట పట్టి కిటికీలోంచి పల్లకిలోకి దూకాడు. భూతాలు ఊపందుకున్నాయి.

వసుగుప్తుడు తోటలోకి పరుగెత్తి త్రాసెక్కాడు. క్షణంలో పల్లకి వెనకే గాలిని కోసుకుంటూ వచ్చాడు. ఈదురుగాలికి అతని తలపాగా ఊడి ఎగిరిపోయింది. లోపలినుంచి పచ్చని జడలు పాముల్లా బుసకొడుతూ లేచాయి. అవి చూడగానే రణభేరుండుడు గరిటె బిగించి పట్టుకున్నాడు. వసుగుప్తుడే పింగళజటుడనే మాంత్రికుడు. ఆ మాంత్రికుడి జడల సంగతి ఆ దేశంలో తెలియనివాడు లేడు.

మాంత్రికుడు పిడుగు మంత్రం చదవబోయి ఆగాడు. పిడుగు వేస్తే లక్క కరిగిపోతుంది. అందుకని ముద్ద తిరిగి ఇచ్చేస్తే రెండు మాడలిస్తానన్నాడు. యువరాజు తల అడ్డంగా ఊపాడు. మాంత్రికుడు పది అన్నాడు. నూరు అన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, మందారిక ప్రతి ధరకూ డప్పు కొట్టి ఊరికి చాటుతూ వచ్చింది. పిడికెడు లక్క వెయ్యి మాడలని వినగానే లోహితగిరి ప్రజలు ఇళ్ళలోంచి బయటికి వచ్చి తలలెత్తారు. మేడమీద మహారాజూ తలెత్తాడు. తన కొండలను ఎవరికి రాసివ్వబోయాడో, ఆ పచ్చజడలవాణ్ణి కళ్ళారా చూశాడు. పీట మీద పత్రాన్ని తీసి కంసాలి కుంపట్లో పడేశాడు. గుమాస్తా మెట్లు వెతుక్కున్నాడు.

పైన ఆకాశంలో ఉన్న మాంత్రికుడికి ఆ సంగతి తెలియదు.

"ఈ మూట అంతా ఇస్తాను. ఇక ఒప్పుకో" అన్నాడు రొప్పుతూ.

"ఒప్పుకున్నాను. సొమ్ము ముందు ఇవ్వు" అన్నాడు అరుణకేతుడు.

మాంత్రికుడైనా ఎన్నాళ్ళుగానో వర్తకం చేసినవాడు. బేరం కుదిరిందనగానే చెయ్యి దానంతటదే కదిలింది. పక్క తట్టలోని బంగారు మూటను రెండు చేతులా ఎత్తి పల్లకిలోకి విసిరేశాడు. విసిరాక గుర్తొచ్చింది. అప్పటికే ఖాళీ తట్ట తాడిచెట్టంత ఎత్తుకు లేచింది. అతనున్న తట్ట కిందికి ఒరిగిపోయింది. పింగళజటుడు జడలు విప్పుకుని, గిరగిరా తిరుగుతూ, మోదుగ అడవుల వైపు జారిపోయి, ఒక చెట్టు కొమ్మకు జడలు చిక్కి వేలాడాడు.

సొమ్ము తీసుకున్నాక సరుకు ఇవ్వకపోవడం రాచబిడ్డకు తగదు. అరుణకేతుడు గుప్పిట విప్పి లక్కముద్దను అతని వెనకే విసిరేశాడు.

రణభేరుండుడు బంగారు మూటను కావలించుకుని, రాజ్యం గట్టెక్కిందని కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు పల్లకి కిర్రుమంది. మూలమూలనా భూతాలు మూలిగాయి. ముగ్గురు మనుషులే ఎక్కువైన ఆ పల్లకికి మాంత్రికుడి ఎత్తు బంగారం తోడయింది. ఒక బొంగు విరిగింది. మందారిక డప్పును, సేనాపతి మూటను, యువరాజు ఆ ఇద్దరినీ పట్టుకోగా, పల్లకి తలకిందులై, పచ్చని జడలు చిక్కుకుని ఊగుతున్న ఆ చెట్టు మీదికే సూటిగా దిగిపోసాగింది.